ఊఁ అన్న పాపానికి

మార్చి 4. మోటారు సాయం: పదికి తొమ్మిది. తిరిగిన దూరం: 46 కిలోమీటర్లు. సూదులు: నాలుగు.

ఈ దినచర్య పుస్తకంలో చివరి గడి పేరు రిమార్కులు. వెడల్పు అంగుళంన్నర. నాకు ముందు ఈ పని చేసినాయన పదకొండేళ్ళలో ఆ గడిలో రాసిన మాట ఒక్కటే: "ఎండ". నాకు అంగుళంన్నర చాలదు కాబట్టి వెనక పేజీ కూడా వాడుకుంటున్నాను. తనిఖీకి వచ్చినవారికి అభ్యంతరం ఉంటే పేజీ తిప్పకుండా ఉంటే సరిపోతుంది.

పొద్దున్నే పాలగుట్ట పశువుల కేంద్రంలో నత్రజని డబ్బాను గుల్ల, అంటే నా మూడు చక్రాల మూతబండి, వెనక గూట్లో బిగించి, దాని ఆవిరి గొట్టం బయటికి పెట్టాను. మరిచిపోయి లోపల పెడితే డబ్బాలోని దున్నపోతు వీర్యంతో పాటు నేను కూడా శాశ్వతంగా నిద్రపోతాను. తరవాత వెల్లకిలా పడుకుని, కాళ్ళు ముందుకు చాపి పెడళ్ళకు తగిలించి, నడుము పక్కనున్న పిడులు పట్టుకుని, మూత దించుకున్నాను. యాభై ఏడేళ్ళ మనిషి పడుకుని ఉద్యోగం చేస్తోందంటే జనానికి సుఖంగానే కనపడుతుంది. వాళ్ళకు కనపడేది మూతే, లోపలి చెమట కాదు.

సన్నదారి ఎక్కేసరికి ఆరున్నర. పక్కనే పెద్దరోడ్డు మీద మనుషులు లేని లారీలు వరసగా పోతున్నాయి. సన్నదారిలో మా గుల్లలకు మాత్రం మనిషి ఉండి తీరాలి. కాళ్ళు ఆడినంతసేపే మోటారు ఆడుతుంది, కాళ్ళు ఆగితే అదీ ఆగుతుంది. చట్టం రాసినవారు జనం బద్ధకస్తులైపోతారని భయపడ్డారట. వాళ్ళ భయం ఇప్పుడు నా మోకాళ్ళలో ఉంది.

దొంగలమెట్టకు ఇవతల నాకు ఏడూళ్ళు, అవతల నాలుగు. ఆ నాలుగూళ్ళలో నూట ఎనభై గేదెలు. వాటికి ఎద సూది వేసేదాన్ని నేనొక్కదాన్నే. ఎగిరే పెట్టెలు వీర్యం తెచ్చి గుమ్మంలో పెట్టగలవు కానీ గేదె వెనక చెయ్యి పెట్టలేవు. నా ఉద్యోగం ఆ ఒక్క కారణం మీద నిలబడి ఉంది.

రోజూ మెట్ట ఎక్కడానికి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. ఈ రోజు ఇరవై ఆరు పట్టింది. పైకెళ్ళాక మూడు చక్రాల్లోనూ గాలి చూశాను, బాగుంది. బ్రేకు పట్టేస్తోందేమోనని చూశాను, లేదు. పొద్దున తిన్న ఉప్మా మీద అనుమానం పెట్టుకుని ముందుకు పోయాను.

ముద్దపాడులో పేరమ్మత్త గేదెను చూశాను. దాని పేరు కలెక్టరు. ఎవరొచ్చి ఎంత మొత్తుకున్నా కూర్చున్న చోటు నుంచి లేవదు, అందుకని. ఇంకా ఎదకు రాలేదు. రెండు వారాల లోపల వస్తుందని చెప్పి, వచ్చిన వెంటనే ఫోను చెయ్యమన్నాను. ఎద మొదలైన పన్నెండు గంటలకు సూది పడాలి, మరో ఆరు గంటలు దాటితే వృథా. మళ్ళీ మూడు వారాలు ఆగాలి.

మార్చి 5. మోటారు సాయం: పదికి ఎనిమిది. దూరం: 39. సూదులు: మూడు.

మెట్టకు ముప్ఫై ఒక్క నిమిషం. ఈ రోజు ఉప్మా తినలేదు.

పైన గాలికి మూత తీసుకుని గుల్లమ్మను అడిగాను. గుల్లమ్మ అంటే గుల్లలో ఉండే గొంతు. ఆ పేరు మేము పెట్టుకున్నాం, శాఖవారు పెట్టిన పేరు ఏడు పదాలుంటుంది. దారి పొడుగునా వాతావరణం, వార్తలు, శాఖ పథకాలు చదువుతూ ఉంటుంది. గుల్లలో ఉన్నవాళ్ళకు కాళ్ళకే తప్ప చెవులకు పనిలేదని శాఖవారి అభిప్రాయం.

"మోటారుకేమొచ్చింది?"

"ఏమీ రాలేదండీ. మీరు కోరిన ప్రకారమే సాయం తగ్గుతోంది."

"నేనెప్పుడు కోరాను?"

"మూడవ తేదీ ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు. వినిపించమంటారా?"

వినిపించమన్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"స్వచ్ఛంద కాలిబల పథకం గురించి చెబుతున్నానండీ."

"ఊఁ."

"ఇందులో మోటారు సాయం రోజుకు పదో వంతు తగ్గుతుంది."

"ఊఁ."

"పదో రోజుకు పూర్తిగా ఆగుతుంది. అప్పుడు మోటారు తీసి, దానికోసం ఎదురుచూస్తున్న మరొకరికి బిగిస్తారు."

"ఊఁ."

"మీకు సమ్మతమేనా?"

"ఊఁ. ఈ గుంట ఎవుడు తవ్వాడ్రా ఇక్కడ!"

ఊఁలు నాలుగూ సమ్మతి కింద నమోదయ్యాయి. గుంట సంగతి "పౌరుల సూచనలు" కింద నమోదైంది. గుంట ఇంకా అక్కడే ఉంది.

ఈ పుస్తకం చదివే అధికారి ఎక్కడివారో తెలియదు కాబట్టి చెబుతున్నాను. మా ఇళ్ళలో ఒకరు ఏదన్నా చెబుతుంటే వినేవారు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే చెప్పేవారు ఆగిపోయి "వింటన్నావా?" అంటారు, రెండోసారి కూడా కొట్టకపోతే అలిగి లేచిపోతారు. ఊఁ అంటే విన్నాను, తరవాత చెప్పు అని. అంతకు మించి ఏమీ లేదు. మా ఆయన బతికున్నన్నాళ్ళు నేను చెప్పిన ప్రతిదానికీ ఊఁ కొట్టాడు, అందులో ఒక్కటీ చెయ్యలేదు. ఆయన మీద ఎవరూ కేసు పెట్టలేదు.

యంత్రానికి ఊఁ కొట్టడమేమిటని అడగవచ్చు. రోజుకు ఎనిమిది గంటలు నేను ఈ గుల్లలో ఒక్కదాన్నే ఉంటాను. నాతో మాట్లాడేది అదొక్కటే. ఎదటివాళ్ళు మాట్లాడుతుంటే వాళ్ళ మాటను గాలికి వదిలెయ్యడం నాకు చేతకాదు.

మార్చి 6. మోటారు సాయం: పదికి ఏడు. దూరం: 28. సూదులు: రెండు.

మెట్ట అవతలికి వెళ్ళలేదు. కేంద్రంలో గుల్లలు బాగుచేసే సుభానీ దగ్గరికి వెళ్ళాను. సుభానీ మా అక్క కొడుకు. చేతిలో పని ఉండగా మంచి మాట చెప్పడు, పని లేనప్పుడు అసలు కనపడడు.

"దాన్ని నేను ముట్టుకోకూడదు పిన్నమ్మా. సాయం తగ్గించేది పైనుంచి. విప్పితే నా లైసెన్సు పోయిద్ది."

"ఊఁ అంటే ఒప్పుకున్నట్టా సుభానీ?"

"నన్నడిగితే నేనేం చెప్పేది! నేను కూడా ఎప్పుడో ఊఁ అన్నానంట. జిల్లా ఈతగాళ్ళ సంఘంలో కార్యదర్శినంట. నెలకోసారి మీటింగుకి రమ్మని కబురొచ్చిద్ది. చెరువులో నీళ్ళు చూసి నాలుగేళ్ళయింది."

సన్నదారుల అధికారి ఆదిశేషు గారికి ఫోను చేశాను. చిన్నవాడు, మర్యాదస్తుడు. నేను మొదటినుంచి చివరిదాకా చెబుతున్నంతసేపూ ఊఁ, ఊఁ అంటూ విన్నాడు. అంతా విని కుదరదన్నాడు.

"నిఘంటువులో ఊఁ అంటే అంగీకారమనే ఉందండీ."

"నిఘంటువుకి పెళ్ళయిందాండీ?"

ఆయన అసలు కష్టం చెప్పాడు. పథకాలకు ప్రజల సమ్మతిలో మా జిల్లా రాష్ట్రంలోనే మొదటిదట, వందకు తొంభై ఎనిమిది. దానికి ఆయనకు శాలువా కప్పారు. ఊఁ చెల్లదంటే ఆ తొంభై ఎనిమిదిలో ఎంత మిగులుతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా నా ఫిర్యాదు తీసుకుని, పన్నెండో తేదీన విచారణ పెట్టాడు. అప్పటికి నాకు మిగిలేది పదో వంతు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఈ పథకం అందరికీ చదవరట. యాభై అయిదు దాటి, కాలు గట్టిగా ఉన్నవారికే చదువుతారట. ఈ జిల్లాలో అలాంటిదాన్ని నేనొక్కదాన్నే దొరికానట. సంతోషించాలో లేదో తెలియక ఫోను పెట్టేశాను.

మార్చి 8. మోటారు సాయం: పదికి ఐదు. దూరం: 33. సూదులు: మూడు.

మధ్యాహ్నం మూడింటికి కేంద్రం ముందు ఒక గుల్ల ఆగింది. ఆగడం కాదు, అయిపోయింది అనాలి. మూత తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. ముందు ఒక ఊతకర్ర బయటికొచ్చింది, తరవాత ఒక సంచీ, ఆ తరవాత నలభై అయిదేళ్ళ మనిషి. కుడికాలు మోకాలి దగ్గరే అయిపోయింది. గుల్లకు మోటారు లేదు. ఎడమ పెడలు ఒక్కటే ఉంది.

"హుసేనమ్మక్కంటే నువ్వేనా?"

"నేనే. గేదె ఎప్పుడు ఎదకొచ్చింది?"

"గేదె కాదక్కా. నాకు మోటారు ఇచ్చింది నువ్వే గదా. నా పేరు చినగురవయ్య. బత్తాయి తోటల్లో అంట్లు కడతా."

మోటారు కోసం ఆరేళ్ళ కిందట పేరు రాసుకున్నాడట. ఆరేళ్ళూ వరసలో ముందున్నవాళ్ళు తగ్గుతూ వచ్చారు కానీ మోటార్లు మాత్రం రాలేదు. మొన్న ఆఫీసునుంచి ఫోను చేసి, ఒకామె తనంతట తాను ఇస్తోంది, పదమూడో తేదీన వచ్చి బిగించుకోమన్నారట.

"ఎవురో నాయకులు తప్ప ఇట్టా ఎవురిస్తారక్కా! నాయకులు కూడా ఇయ్యరులే. మా ఇంటామె నీ కాళ్ళకి దండం పెట్టి రమ్మంది. వంగితే లెయ్యలేను, అందుకని బత్తాయిలు తెచ్చా."

అప్పుడే చెప్పెయ్యాలి. అబ్బాయ్, నేను ఇవ్వలేదు, దారిలో గుంట చూసుకుంటూ ఊఁ అన్నాను, అంతే. నోరు తెరిచాను. ఆ నోట్లోంచి "కూర్చో, మంచినీళ్ళు తాగు" అని వచ్చింది. అతను కూర్చుని మంచినీళ్ళు తాగి, కర్ర, సంచీ, కాలు ఒక్కొక్కటిగా మళ్ళీ లోపల సర్దుకుని వెళ్ళిపోయాడు. సన్నదారి మలుపు ఇక్కడికి రెండువందల గజాలు ఉంటుంది. అతను ఆ మలుపు తిరిగేదాకా నేను రెండు గేదెల కార్డులు నింపాను.

సాయంత్రం ఒక బత్తాయి వలిచాను. పుల్లగా ఉంటే బాగుండేది. చాలా తియ్యగా ఉంది.

మార్చి 10. మోటారు సాయం: పదికి మూడు. దూరం: 27. సూదులు: సున్నా.

ముద్దపాడు నుంచి పొద్దున ఐదున్నరకు ఫోను. పేరమ్మత్త పక్కింటివాళ్ళ గేదె నిన్న సాయంత్రం నుంచి అరుస్తోందట. వెంటనే బయలుదేరాను.

గుల్ల బరువు నలభై కిలోలు, డబ్బా బరువు ఎనిమిది. నా బరువు రిమార్కులలో రాయవలసిన పని లేదు. మెట్ట సగంలో కాళ్ళు ఆగిపోయాయి. కాళ్ళు ఆగితే మోటారు ఆగుతుంది కాబట్టి అదీ ఆగింది. దిగి, వెనకనుంచి తోశాను. గుల్లమ్మ లోపలినుంచి "మీరు సీటులో లేరండీ" అంటోంది. తెలుసన్నాను. మధ్యలో రెండుసార్లు చక్రం కింద రాయి పెట్టి దారి పక్కన కూర్చున్నాను. తోసి, తొక్కి, కూర్చుని, మళ్ళీ తోసి పైకి చేరేసరికి పదిన్నర. ముద్దపాడుకు పన్నెండయింది. అప్పటికి గేదె అరుపు మానేసి ప్రశాంతంగా నెమరు వేస్తోంది. చూశాను. ఎద దాటిపోయింది. తొమ్మిదేళ్ళలో నేను ఆలస్యంగా వెళ్ళడం ఇదే మొదటిసారి.

గేదెవాళ్ళు ఏమీ అనలేదు. వాళ్ళ తరఫున పేరమ్మత్త అంది. ఆవిడకు డెబ్భై ఉంటాయి, ఊరందరి తరఫునా ఆవిడే అంటుంది.

"ఏమే హుసేనమ్మా, దారిలో నిద్రపొయ్యావా?"

జరిగింది చెప్పాను. ఆవిడ మధ్య మధ్య ఊఁ కొడుతూ మొత్తం వింది.

"మడిసన్నాక ఊఁ అనకపోతే ఏమంటాడు! రాయి గూడా అనిద్ది. సరే, మోటారు పోతే మాకెవురొస్తారు?"

"ఎవురూ రారు అత్తా."

"మరి మా గొడ్లు?"

ఈ నాలుగూళ్ళలో పాలు తప్ప ఇంకో ఆధారం లేదు. గేదె కట్టకపోతే ఈనదు, ఈనకపోతే పాలు లేవు. నాకు తొమ్మిదేళ్ళుగా వీళ్ళ చేతి అన్నం తినడం అలవాటు. పన్నెండో తేదీన ఎలాగైనా నా మోటారు నేను తెచ్చుకుంటానని పేరమ్మత్తకు మాటిచ్చాను. చినగురవయ్య సంగతి చెప్పలేదు.

మార్చి 12. మోటారు సాయం: పదికి ఒకటి. దూరం: 18. సూదులు: సెలవు.

విచారణ పదకొండింటికి. ఆదిశేషు గారు, గోడకు తగిలించిన నమోదు యంత్రం, నేను. మూలన బెంచీ మీద చినగురవయ్య, పక్కన కర్ర. మోటారు అతనికి రావలసింది కాబట్టి అతన్ని కూడా పిలిచారట. నన్ను చూసి నవ్వి, తల ఊపాడు. విచారణ దేనికో అతనికి ఎవరూ సరిగా చెప్పలేదని అర్థమైంది. ఆదిశేషు గారు చెప్పారు. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

చినగురవయ్య అంతా విని, "ఓహో" అన్నాడు. అంతే అన్నాడు.

ఆదిశేషు గారు ఒక పరీక్ష పెట్టారు. యంత్రం నాకు ఏవో పథకాలు చదువుతుంది. ఒప్పుకోని వాటికి కూడా నేను ఊఁ అంటే నా మాట నిజమైనట్టు. న్యాయంగానే ఉంది. యంత్రం మొదలుపెట్టింది. ఇంటి పైకప్పు శాఖకు అప్పగించడం, వారంలో మూడు రోజులు మౌనం పాటించడం, ఇంటిపేరు మార్చుకోవడం. నేను ఊఁ అందామని సిద్ధంగా కూర్చున్నాను. ఒక్కటి కూడా రాలేదు. అనాలని కూర్చుంటే వచ్చేది కాదది. ఒకసారి బలవంతాన అన్నాను, గేదె దగ్గినట్టు వచ్చింది.

"ఒప్పుకోనివాటికి మీరు ఊఁ అనడం లేదు కదండీ," అన్నారు ఆదిశేషు గారు. గెలిచినందుకు ఆయనకేమీ సంతోషం ఉన్నట్టు లేదు.

అప్పుడు చినగురవయ్య మాట్లాడతానన్నాడు. మాట్లాడమన్నారు. నా వైపు తిరిగి మొదలుపెట్టాడు.

"నా కాలెట్టా పోయిందో నీకు చెప్పలేదు గదక్కా. పెద్దరోడ్డు దాటతన్నా. సంకలో అంటుపుల్లల కట్ట ఉంది."

"ఊఁ."

"కట్ట జారి రోడ్డు మీద పడింది. వంగోని ఏరుకుంటన్నా. లారీకి మనిషి కనపడితే ఆగిద్ది. వంగోని ఉన్నోడు దానికి మనిషి లాగా కనపడలా."

"ఊఁ."

"తరవాత ఆగింది. అరగంట నిలబడి, క్షమించండి అని తొమ్మిదిసార్లు అంది. నేను లెక్కపెట్టా. వేరే పని లేదు గదా."

"ఊఁ."

"ఇప్పుడు ఒంటికాలితో తొక్కుతన్నా. కాలు కిందికి పోయేటప్పుడు బండి కదిలిద్ది. పైకొచ్చేటప్పుడు ఆగబోయిద్ది. ఇంకో కాలుంటే ఆ సగం అది తొక్కుద్ది. ప్రతి చుట్టుకీ అక్కడ ఒక కాలు లేదని గుర్తొచ్చిద్ది."

"ఊఁ."

"అంటు పొద్దున్నే కట్టాల. ఎండెక్కితే కోసిన మొగ్గ ఎండిపోయిద్ది. నేను తోటకి పోయేసరికి పదయిద్ది. అందుకని నన్ను పిలవడం తగ్గించారు. మోటారుంటే ఏడింటికి పోతా."

"ఊఁ."

"అట్టాగని నువ్వు అనని మాట అన్నావని నేను తీసుకోనక్కా. కాదంటే ఏమనుకోను. కానీ ఇస్తే మాత్రం తీసుకుంటా."

"ఊఁ."

గోడమీద యంత్రం "సమ్మతి నమోదైంది" అంది.

ఆదిశేషు గారు కలం కింద పెట్టారు.

"హుసేనమ్మ గారూ, ఇప్పుడు మీరన్నది ఏ ఊఁ అండీ?"

వినే ఊఁ అంటే చాలు. ఆరు ఊఁలు వరసగా పడ్డాయి, యంత్రమే సాక్షి, నా వాదన అక్కడికక్కడే రుజువైపోతుంది. మోటారు నాతో వచ్చేస్తుంది. నూట ఎనభై గేదెలు, పేరమ్మత్తకు ఇచ్చిన మాట, అన్నీ నిలబడతాయి. మొదటి అయిదూ వినే ఊఁలే. ఆరోది కాదు. నా గొంతు నాకు తెలియదా. నా మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఈ వయసులో ఇంత తెలివితక్కువ పని ఎవరైనా చేస్తారా అనుకుంటూనే చెప్పాను.

"ఇది ఒప్పుకున్న ఊఁ అండీ. మూడో తారీఖువి మాత్రం కావు. అవి కొట్టెయ్యండి."

"రెండూ ఒకేలా వినపడుతున్నాయి కదండీ?"

"ఒకేలాగే ఉంటాయి. అందుకే అడగాల. రికార్డుని కాదు, నన్నడగాల."

ఆయన మళ్ళీ కలం తీసుకుని రెండు ఉత్తర్వులు రాశారు. మూడో తేదీ సమ్మతి రద్దు. పన్నెండో తేదీ సమ్మతి ఖాయం. చినగురవయ్య కర్ర అందుకోబోయి కింద పడేసుకున్నాడు. నేను తీసి ఇచ్చాను.

మంచిపని చేస్తే మనసు తేలికవుతుందని విన్నాను. నాకేమీ తేలిక కాలేదు. ఆఫీసు మెట్లు దిగుతుంటే భయమేసింది. పేరమ్మత్తకు ఏమని చెప్పాలో తెలియక, రెండో మెట్టు మీద కూర్చుని తెలిసేదాకా ఆగుదామనుకున్నాను. తెలియలేదు.

మార్చి 13. మోటారు సాయం: లేదు. దూరం: 11. సూదులు: ఒకటి.

సుభానీ మోటారు విప్పి చినగురవయ్య గుల్లకు బిగించాడు. ఇరవై నిమిషాల పని. విప్పుతున్నంతసేపూ నావైపు చూడలేదు. చినగురవయ్య కేంద్రం చుట్టూ ఒక చుట్టు తిరిగి చూశాడు. రెండో చుట్టులో నవ్వు ఆపుకోలేకపోయాడు. తరవాత మర్యాదకు ఆపుకున్నాడు. నవ్వమని నేనే చెప్పాను.

ఆదిశేషు గారి ఉత్తర్వు అప్పుడే అమల్లోకి వచ్చింది. ఇకనుంచి ఎవరు ఊఁ అన్నా గుల్లమ్మ "ఇది ఏ ఊఁ అండీ?" అని అడగాలి. సన్నదారి పొడుగునా అన్ని గుల్లల్లోంచీ అదే ప్రశ్న వినపడుతోంది. చాలామంది దానికి కూడా ఊఁ అంటున్నారు.

పేరమ్మత్తకు ఫోను చేసి చెప్పాను. మోటారు ఇచ్చేశాను, ఇక మెట్ట ఎక్కలేను, శాఖకు ఉత్తరం రాశాను, ఎవరినైనా వేస్తారేమో చూద్దాం అన్నాను. చినగురవయ్య సంగతి కూడా ఈసారి చెప్పాను. ఆవిడ ఒక్క ఊఁ కూడా కొట్టలేదు. నేను ఆపేశాక ఫోను పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

మార్చి 16. మోటారు సాయం: లేదు. దూరం: 17. సూదులు: మూడు.

తెల్లవారాక పేరమ్మత్త ఫోను. "కలెక్టరు నిన్న పొద్దుగూకినప్పటినించి అరుస్తంది," అంది. "వస్తున్నా" అన్నాను. అప్పటికే పెట్టేసింది.

మెట్ట ఎక్కలేనని నాకు తెలుసు. ఎక్కినా సమయానికి చేరనని కూడా తెలుసు. అయినా ఇంట్లో కూర్చుని ఆ అరుపు ఊహించుకోవడం కంటే దారిలో ఉండడం నయమనిపించింది. డబ్బా బిగించుకుని బయలుదేరాను. మోటారు లేని గుల్ల చప్పుడు చెయ్యదు. నా ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. మెట్ట కిందికి చేరడానికి గంటా ముప్పావు పట్టింది.

మెట్ట మొదట్లో కల్వర్టు పక్కన చిల్లచెట్ల నీడలో మూడు గేదెలు ఉన్నాయి. రెండు నిలబడ్డాయి. మూడోది కూర్చుంది. దాని తాడు పట్టుకుని పేరమ్మత్త కూర్చుంది. పక్కన ఆ ఊరి ఆడవాళ్ళు ఇద్దరు, ఒక బిందె నీళ్ళు, ఫ్లాస్కులో వేడినీళ్ళు, సబ్బు. నేను మూత తీసుకుని దిగాను.

"నేను ఎక్కుదామనే వచ్చా అత్తా."

"ఎక్కబన్లేదు. దీనికి నడక మంచిదని డాక్టరు చెప్పాడు."

"ఏ డాక్టరు?"

"ఎవుడో ఒకడులే. చెయ్యి కడుక్కో."

"కలెక్టరు లేచిందా?"

"లెయ్యకేం చేసిద్ది? ముగ్గురం తోక మెలేశాం. మెట్ట మీద ఇంకో రెండుసార్లు కూకుంది, మళ్ళా మెలేశాం. దానికి నాలుగు కాళ్ళున్నయ్యే, నీకు రెండు. ఎవురు నడవాల? ఇకనించి ఎదకొస్తే మేమే దిగొస్తాం. నాలుగూళ్ళకీ చెప్పొచ్చా. నువ్వు ఇంతవరకు రా, చాలు."

ఐదు కిలోమీటర్లు. డెబ్భై ఏళ్ళ మనిషి, చీకటితో లేచి, ఎవరి మాటా వినని గేదెను తోలుకుంటూ మెట్ట ఎక్కి దిగింది. మూడు రోజుల కిందట నామీద అలిగి ఫోను పెట్టేసిందనుకున్నాను. నాలుగూళ్ళకు చెప్పడానికి పెట్టేసింది.

చేతులు కడుక్కుని, భుజం దాకా గ్లౌజు తొడుక్కున్నాను. ఫ్లాస్కు మూత తీసి, వీర్యం కరిగించడానికి సరిపోతుందా అని నీళ్ళ వేడి చూశాను. అప్పుడు ఏడుపొచ్చింది. మామూలుగా రాలేదు, గట్టిగా వచ్చేట్టుంది. గేదెల ముందు, ఆ ఆడవాళ్ళ ముందు ఏడవడం బాగుండదని మళ్ళీ గుల్లలోకి ఎక్కి, పడుకుని, మూత దించుకున్నాను.

కాసేపటికి పేరమ్మత్త మూత మీద తట్టింది.

"లోపలేం చేస్తన్నావే?"

"గ్లౌజు ఎతుక్కుంటన్నా అత్తా."

"ఎతుక్కో, ఎతుక్కో. తొందరేం లేదు," అంది.

గ్లౌజు అప్పటికే నా చేతికి ఉంది. ఆవిడ చూసింది కూడా.